లైసెన్సు ఇచ్చే ముందు బానెట్ ఎత్తించండి

సంపాదకులు గారికి,

ఏప్రిల్ వచ్చిందంటే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద బానెట్ ఎత్తి పెట్టిన కార్లు కనబడతాయి. ఇంటిల్లిపాదీ చెట్టు నీడ వెతుక్కుంటూ ఉంటే, కారాయన ఫోన్‌లో మెకానిక్‌ను బతిమాలుతుంటాడు. నేను ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఆగిన బండి కనబడితే దిగి చూడకుండా ఉండలేను (మా ఆవిడకు ఇది నచ్చదు). చాలాసార్లు రోగం రేడియేటర్‌లోనే ఉంటుంది.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే. కాచిన గిన్నెకు నాలుగు రోజుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, బదులు అవే నీళ్లు పోస్తుంటే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పెచ్చు. అది ఫ్లోరైడ్ పని అనుకుంటారు గానీ కాదు, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. దారి మూసుకుపోతే ఇంజన్ వేడి బయటకు పోదు, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) కాలుతుంది. కూలెంట్ డబ్బా దగ్గర పొదుపు చేసినవాళ్లు వేలల్లో బిల్లు కడతారు. నడిరోడ్డు మీద వేరే గతి లేకపోతే నీళ్లే పోయండి. ఊరు చేరాక మాత్రం కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంట్ నింపించండి. అది కలిపి వాడే రకమైతే డిస్టిల్డ్ వాటరే కలపాలి. బండి కాగి ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి అసలు పోవద్దు. కుక్కర్‌లో ఆవిరి దిగకముందే మూత తీస్తామా?

ఎండాకాలం గాలి తక్కువ కొట్టిస్తే టైరు పేలదని మా వైపు గట్టి నమ్మకం. పూర్తిగా తప్పు. గాలి తగ్గితే టైరు పక్కలు ఎక్కువ నలుగుతాయి, ఆ నలుగుడుకే వేడెక్కి పేలుతుంది. ఎంత కొట్టించాలో చాలా కార్లకు డ్రైవర్ డోర్ తీయగానే కనబడే స్టిక్కర్ మీదే ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. బంకులో అబ్బాయి ఏ బండికైనా 35 కొట్టి పంపిస్తాడు, అదీ గాలి మిషన్ పనిచేస్తే. బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్న నిబంధన ఉన్నా చాలాచోట్ల ఆ మిషన్‌కు ‘రిపేర్’ బోర్డు వేలాడుతుంటుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు టైరు పక్కన ‘డాట్’ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నల్లరంగు పూసి ఎంత మెరిపించినా ఆ అంకెలు మారవు.

డాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ‘బంకు దాకా పోదాం’ అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా కాసేపు నడిపినా ఇంజన్ బోరుకు, అంటే సిలిండర్లు మళ్లీ తొలిపించే పనికి వస్తుంది.

మెకానిక్‌లందరూ దొంగలనే మాట వింటే నాకు కోపం వస్తుంది. మోసం చేసేవాళ్లు లేకపోలేదు. కానీ ‘ఏదో సౌండ్ వస్తుంది, చూడన్నా’ అని తాళం చేతిలో పెట్టి పోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ‘స్పీడు 60 దాటితే ముందు ఎడమ చక్రం దగ్గర మోత వస్తోంది’ అని చెప్పండి, నేరుగా బేరింగ్ దగ్గరికే పోతాడు. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి, ఇవ్వడానికి మంచి మెకానిక్ నొచ్చుకోడు. బ్రేకుల పని మాత్రం యూట్యూబ్ చూసి ఇంట్లో పెట్టుకోవద్దు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో డ్రైవింగ్ స్కూళ్ల సిలబస్ ఉంది. వాహన యంత్రభాగాలు, రిపేర్ల గురించి అందులో ప్రత్యేకంగా ఒక భాగమే పెట్టారు. సొంత కారు కోసం నేర్చుకునేవాళ్లతో బానెట్ తెరిపించిన స్కూలును మాత్రం నేను చూడలేదు. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లు లూజు చేయాలని తెలియనివాళ్ల చేతుల్లోనూ లైసెన్సులు ఉన్నాయి. ఒక్క గంట చాలు: ఆయిల్, కూలెంట్ చూడటం, స్టెప్నీ మార్చడం. టెస్ట్ ట్రాక్ మీద బండి నడిపించి చూసే రవాణా శాఖ అధికారులు, దిగేముందు అభ్యర్థిని డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చెప్పమని అడగాలి. చెప్పలేకపోతే మళ్లీ రమ్మనాలి.

– ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్, మిర్యాలగూడ