2024–25 వార్షిక నివేదిక: జాలీ బాయ్ యాత్ర, మన తీరం పనులు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

ఏటా సర్వసభ్య సమావేశంలో అనుకోవడం, తర్వాత వదిలేయడం అలవాటైపోయిన అండమాన్ యాత్ర ఈ ఫిబ్రవరిలో జరిగింది. అందుకే ముందు దాని గురించే రాస్తున్నాను.

మన విశాఖపట్నం హార్బర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, షిప్పు ఉన్న సంగతి మీకు తెలుసు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, రెండున్నర రోజుల ప్రయాణం. కానీ తేదీ ఖరారయ్యేది చివర్లోనే. ఆ ఒక్క తేదీ కోసం సంబంధిత కార్యాలయం చుట్టూ తిప్పించుకున్న తీరు చాలా బాధ కలిగించింది. ఉద్యోగాల్లో ఉన్న సభ్యులు సెలవు ఎలా పెట్టుకోవాలి? పెద్దవాళ్లతో క్యూలో నిలబడి బంక్ క్లాసు (షిప్పులో అన్నిటికన్నా చవక తరగతి) టికెట్లు తెచ్చిన మన యువ సభ్యులకు సంఘం రుణపడి ఉంది. తిరుగు ప్రయాణం చెన్నై మీదుగా విమానంలో చేశాం.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్‌లోని మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983లో ఏర్పడింది. విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. అందులో చాలా దీవులున్నా పర్యాటకులను అనుమతించేది జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకే. అదీ ఒకేసారి కాదు. చలికాలం, వేసవిలో జాలీ బాయ్, వానాకాలంలో రెడ్ స్కిన్. మూసి ఉన్న నెలల్లో పగడాలకు విశ్రాంతి. సోమవారం పార్కుకు సెలవు కాబట్టి మన కార్యక్రమం దాన్ని బట్టే వేసుకున్నాం.

జెట్టీ దగ్గరే సంచులు విప్పి చూస్తారు. ప్లాస్టిక్ సీసా, కవరు ఏదీ దీవికి పోదు. మనవాళ్లు ముందే స్టీలు సీసాల్లో నీళ్లు, స్టీలు క్యారియర్లలో పులిహోర సర్దుకున్నారు కాబట్టి తనిఖీలో ఒక్క వస్తువు కూడా పక్కన పెట్టించలేదు. ఇది నేను గర్వంగా రాస్తున్న మాట. మడ అడవుల దీవుల మధ్యగా బోటు వెళ్లి ఆగుతుంది, అక్కడి నుంచి అడుగున అద్దం ఉన్న చిన్న పడవ. దీవిలో దుకాణం లేదు, బస లేదు. సాయంత్రంలోపు వెనక్కి వచ్చేయాలి.

అద్దం కింద కొమ్మల పగడాలు, మెదడు ఆకారంలో ఉన్న పెద్ద పగడాలు, వాటి చుట్టూ చిలుక చేపలు. అరవై దాటిన మన మహిళా సభ్యులు లైఫ్ జాకెట్ కట్టుకుని స్నార్కెలింగ్‌కు, అంటే గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి పైన తేలుతూ కింద చూడడానికి, దిగారు. ఒడ్డున కూర్చున్న మగవాళ్లు ఆ తర్వాతే లేచారు! అయితే తెల్లబడిన పగడాలు కూడా కనిపించాయి. నీళ్లు ఎక్కువ వేడెక్కితే పగడం తనలో బతికే సూక్ష్మ నాచును వదిలేస్తుంది. రంగూ ఆహారమూ దానివల్లే కాబట్టి తెల్లబడి, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. 2010లో, మళ్లీ 2016లో అక్కడ అలా పెద్ద నష్టం జరిగింది. చచ్చిన పగడం ముక్కయినా సరే తీసుకురావద్దని పిల్లలకు చెప్పాం, ఒక్కరూ తేలేదు.

అక్కడ స్థిరపడిన శ్రీకాకుళం వైపు కుటుంబాలు మనకు భోజనాలు పెట్టి, బండ్లు మాట్లాడి, సొంత మనుషుల్లా చూసుకున్నాయి. వారికి, బోటు సిబ్బందికి, మందుల పెట్టెతో వెంట ఉన్న మన డాక్టరమ్మ గారికి, షిప్పులో పెద్దల బాధ్యత తీసుకున్న కాలేజీ పిల్లలకు, ఫొటోలు తీసిన సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇక్కడి పనులు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నడక, తొట్లకొండ నడక, కంబాలకొండలో పక్షుల పరిశీలన అనుకున్నట్టే జరిగాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో తీరంలో రాత్రిపూట లైట్లు తగ్గించాలని, ఆర్కే బీచ్ నుంచి జోడుగుళ్లపాలెం దాకా చెత్తడబ్బాలు పెంచాలని వినతిపత్రాలు ఇచ్చాం. చదివామని కూడా ఎవరూ అనలేదు. మళ్లీ ఇస్తాం.

ఆదివారం తీరం శుభ్రతకు వచ్చేది మాత్రం ఎప్పుడూ అవే ముఖాలు. యాత్ర సమావేశానికి హాలు చాలలేదు, మరుసటి ఆదివారం గోతాలు పట్టుకునే చేతులు లేవు. వస్తామని గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి రానివాళ్ల కోసం మిగతావాళ్లు ఎండలో ఎదురుచూశారు. ఇది సరికాదు. వండూర్‌లో పాటించిన నియమాన్ని రుషికొండలో ఎందుకు పాటించలేం?

జమా ఖర్చుల పత్రం జతచేశాం, కోశాధికారి గారు సమావేశంలో చదువుతారు. యాత్ర ఖర్చు వెళ్లినవారే భరించారు, సంఘం నిధి ముట్టుకోలేదు.

కమిటీ రెండు తీర్మానాలు ప్రవేశపెడుతోంది. ఒకటి, ఇకపై మన ఏ నడకకూ ప్లాస్టిక్ సీసా తేకూడదు. రెండు, వచ్చే యాత్రకు పేర్లు తీసుకునేటప్పుడు తీరం పనికి వచ్చినవారికే ముందు అవకాశం. ఆ యాత్రకు ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ అనుకుంటున్నాం. అక్కడి 732 మీటర్ల శాడిల్ పీక్ శిఖరం ఎక్కాలంటే ఇప్పటి నుంచే కొండ నడకలు మొదలుపెట్టాలి. చందా బకాయిలు సమావేశం లోపు కట్టేయండి. కొత్త కార్యవర్గానికి నామినేషన్లు అదే రోజు తీసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి