రెండో గడ్డకూ ముక్క తీయించిన వాళ్లందరికీ దండాలు

దవడలో క్యాన్సర్ పుండు, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తిలో గడ్డ. రెండూ ఒకే మనిషికి కనబడితే అందరి నోటా ముందు వచ్చే మాట ‘పాకింది’. పాకిందంటే నాలుగో స్టేజీ, ఆపరేషన్ మాట సాధారణంగా అక్కడే ఆగుతుంది. ఆ మాట రాయకుండా, సీటీ చూస్తూ గడ్డకు సూది వేయించి ముక్క (బయాప్సీ) తీయించిన నల్లగొండ సర్జన్ గారికి మా పాథాలజీ బృందం మొదటి దండం.

ఏ రకం క్యాన్సరో తేల్చడానికి ముక్కకు పీ40, టీటీఎఫ్-1 లాంటి ప్రొటీన్లను చూపే రంగులు వేస్తాం. దవడ ముక్క స్క్వామస్ (పొర కణాల క్యాన్సర్): పీ40 పాజిటివ్, టీటీఎఫ్-1 నెగెటివ్. ఊపిరితిత్తి ముక్క అడినో (గ్రంథి కణాల క్యాన్సర్): టీటీఎఫ్-1, నాప్సిన్-ఎ పాజిటివ్, పీ40 నెగెటివ్. అంటే రెండు వేర్వేరు క్యాన్సర్లు, దేని స్టేజీ దానిదే. ఇలా రెండు క్యాన్సర్లని చెప్పడానికి వారెన్, గేట్స్ అనే డాక్టర్లు 1932లో పెట్టిన షరతులు ఇప్పటికీ ఇవే: రెండూ క్యాన్సరే కావాలి, రెండూ విడివిడిగా ఉండాలి, ఒకటి ఇంకొకదాని నుంచి పాకింది కాకూడదు. ఆరు నెలల లోపు రెండూ బయటపడితే జంట కింద లెక్క. రెండు చోట్లా స్క్వామసే వచ్చి ఉంటే మాత్రం ఈ రంగులతో తేలేది కాదు, జన్యు మార్పులు పోల్చాల్సి వచ్చేది. పెట్ స్కాన్‌లో వెలిగిందని కూడా నమ్మడానికి లేదు, టీబీ కూడా వెలుగుతుంది.

పాత దవడ బ్లాకు (ముక్కను మైనంలో పోసి దాచిన దిమ్మ) వెతికి ఇచ్చిన మిర్యాలగూడ ల్యాబ్ తమ్ముళ్లకు ప్రత్యేకంగా దండం. రిపోర్టు కాగితం ఒక్కటే పంపితే పని జరగదు, మైనం బ్లాకే కావాలి. మే ఎండలో దాన్ని కారు డాష్‌బోర్డు మీద పెట్టకుండా థర్మకోల్ డబ్బాలో తెచ్చారు, మైనం మెత్తబడితే ముక్క పాడవుతుంది.

సూది ముక్కను సెలైన్‌లో వేయకుండా వెంటనే ముక్కకు పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా ఆపే ద్రవం) వేసిన నర్సమ్మకూ దండం. సెలైన్‌లో కుళ్లిన ముక్కకు ఏ రంగూ సరిగా పట్టదు. ఫార్మలిన్‌లోనూ 6 గంటలకు తక్కువ, 72కు ఎక్కువ ఉంచొద్దు.

సూది ముక్క దారప్పోగంత ఉంటుంది. అన్ని రంగులూ ఒకేసారి వేస్తే అయిపోతుంది. అందుకే ముందు టీటీఎఫ్-1, పీ40 వేసి, మిగిలింది మందు ఎంపికకు చేసే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే జన్యు పరీక్షలకు దాచిన టెక్నీషియన్‌కు చాలా థ్యాంక్స్.

చికిత్స దవడకు ముందా, ఊపిరితిత్తికి ముందా అన్నది ట్యూమర్ బోర్డు (అన్ని విభాగాల క్యాన్సర్ డాక్టర్ల బృందం) తేలుస్తుంది. ఇంటివాళ్లు రెండు బ్లాకులనూ సంతకం పెట్టి తీసుకొని భద్రంగా దాచుకోండి, మళ్లీ అడుగుతారు.