గోంగూర సీసాతో పాటు

విజయవాడ,
ఆదివారం.

చి. సుధకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు మామూలే. బుజ్జిగాడు రేపు పొద్దున శాతవాహన రైల్లో వస్తున్నాడు. గోంగూర పచ్చడి వాడి చేతికి ఇస్తున్నాను. సంచిలో చోటుంది కదా అని ఈ కాగితం కూడా పెట్టాను. అంతకుమించి రాయాల్సిన సంగతేమీ లేదు.

మొన్న మీ సూర్యం మావయ్య వచ్చాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా, కాఫీ చల్లారేలోపు నాలుగు ఊళ్ళ కబుర్లు. మీ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని ఎవరో చెప్పారట. నేను పట్టించుకోలేదు. అమ్మ మాత్రం ఆ రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగింది. నీకెలా తెలుసంటావేమో, నాకూ నిద్ర పట్టలేదు, ఉక్క.

సరే, అది వదిలెయ్. ఇక్కడ లేత వంకాయలు బాగా వస్తున్నాయి. పటమట రైతుబజారుకి ఇప్పటికీ ఆరున్నరకల్లా వెళ్తున్నాను. మీ కూకట్‌పల్లిలోనూ రైతుబజారు ఉంది కదా, ఎప్పుడైనా తొంగి చూశావా? పది నిమిషాల్లో గుమ్మం ముందు పెట్టి పోతారని మీరు ఫోన్లో నొక్కుతారు. వాడు ముదురు బెండకాయ ఇచ్చినా తినాల్సిందే. కాయ చివర విరిస్తే టప్పుమనాలి, వంగితే పక్కన పెట్టాలి. వంకాయ ముచిక పచ్చగా ఉండాలి. బీరకాయ చేదేమో కొరికి చూడాలి. ఇవన్నీ చూస్తున్నంతసేపూ బుర్రలో ఇంకోటి తిరగదు. నేను చెప్పేది అదీ.

నీకప్పటికి ఊహ తెలిసే ఉంది, 2016లో నోట్లు రద్దయినప్పుడు. నవంబరు 8 రాత్రి టీవీలో చెప్పారు, పదో తారీఖు నుంచి బ్యాంకులో మా కౌంటరు ముందు జనం. ఆ శని, ఆదివారాలు కూడా తెరిచాం. మనిషికి నాలుగు వేలే మార్చాలి, ఫారం చూడాలి, ఆధార్ జిరాక్సు చూడాలి, తిట్లు తినాలి. ఒకరోజు రాత్రి లెక్క చూస్తే 2,000 తక్కువ. కొత్త గులాబీ నోట్లు రెండు అంటుకుపోయి ఎవరికో ఒకటిగా వెళ్ళుంటాయి. జేబులోంచి కట్టాను. (అమ్మకి ఇప్పటికీ తెలియదు, ఫోన్లో నోరు జారకు.) ఆ వారమంతా అన్నం ముందు కూర్చుంటే రబ్బరుబ్యాండ్ల వాసన వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే నిద్ర పట్టక బజారుకెళ్ళాను. జేబులో ఉన్నది ఒకే ఒక్క రెండు వేల నోటు. కంకిపాడు నుంచి వచ్చే ఆకుకూరలావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాంకోడివి, నీ దగ్గరే చిల్లర లేకపోతే మా గతేంటి బాబూ?" అని పడీ పడీ నవ్వింది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. పది రోజుల్లో నామీద ఎవరైనా కోపం లేకుండా నోరు తెరవడం అదే మొదలు. కిలో వంకాయలు, మూడు కట్టలు గోంగూర సంచిలో వేసి, "తర్వాతిద్దువులే పో" అంది.

ఇంటికొచ్చి వరండాలో చాప వేసుకుని గోంగూర వలిచాను. ఒక్కో ఆకూ తుంచుతుంటే నోట్లు లెక్కపెడుతున్నట్టే ఉంది, కాకపోతే తక్కువొచ్చినా అడిగేవాడు లేడు. అమ్మ వంటింట్లోంచి రెండుసార్లు తొంగి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. పప్పులో గోంగూర వేశాను, ఉప్పునీళ్ళలో వేసిన వంకాయల్లో కొత్తిమీరకారం కూరి నూనెలో మగ్గబెట్టాను. ఉప్పు ఎక్కువైంది. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను. పై వారం బాకీ తీర్చబోతే ఆవిడ ముప్పై రెండు అని టక్కున చెప్పింది. లెక్క మర్చిపోలేదు, నన్ను తొందరపెట్టనూ లేదు.

పోయినసారి నీ స్టవ్ మీద కొరియర్ అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయని బుజ్జిగాడు చెప్పాడు. ముందు అవి తీసెయ్, అంటుకుంటాయి. గ్యాస్ ట్యూబు మార్చి ఎన్నాళ్ళయిందో చూసుకో. రాత్రి తొమ్మిదికి ల్యాప్‌టాప్ మూసి ఒక గ్లాసు కందిపప్పు కడుక్కోవడానికి ఎంతసేపు? మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, నాలుగు విజిల్స్. ఇంగువ పోపు వాసనకి మేనేజరు మెయిల్ దానంతటదే ఆగుతుంది. ఉపన్యాసం అంటావు. అమ్మ కూడా అదే అంది, ఇప్పుడే, నా భుజం మీంచి చదువుతూ. రెండు వేల సంగతి అరచెయ్యి పెట్టి దాచాను.

ఉద్యోగం సంగతి నేను అడగడం లేదు. ఉన్నా సరే, లేకపోయినా సరే, ముందు గది ఖాళీగానే ఉంది, ఫ్యాను బాగు చేయించాను. ఊరికే చెబుతున్నాను.

సీసాలో తడి గరిటె పెట్టకు. పైన నూనె తేలేలా చూసుకో. అన్నంలోకి పచ్చి ఉల్లిపాయ మర్చిపోకు. వచ్చే ఆదివారం రైతుబజారులో ఏం కొన్నావో రేట్లతో సహా ఫోన్ చేసి చెప్పు, మెసేజ్ కాదు. పన్నెండు లోపల చెయ్యి, ఆ తర్వాత అమ్మ పడుకుంటుంది.

నాన్న