ఫోన్ లాక్కోవడమేనా, కలిసి ఏదైనా తీయొచ్చుగా

ఎడిటర్ గారికి నమస్కారం,

పిల్లలు ఫోన్ వదలట్లేదని అందరం తిట్టుకుంటాం గానీ అదే ఫోన్‌తో వాళ్లతో కలిసి ఏదైనా చేద్దామని మాత్రం అనుకోం. మా ఎనిమిదేళ్ల పాపతో స్టాప్ మోషన్ వీడియో మొదలుపెట్టాం, మట్టిబొమ్మని కొంచెం జరపడం ఫోటో తీయడం, మళ్లీ జరపడం మళ్లీ తీయడం, ఆ ఫోటోలన్నీ వరసగా గబగబా చూపిస్తే బొమ్మ తనే కదిలినట్టు ఉంటుంది, అంతే. సెకనుకి 12 ఫోటోల చొప్పున 10 సెకన్లకి 120 కావాలని తనే లెక్కేసి నోరెళ్లబెట్టింది, మరి సినిమాకో అని అడిగితే సెకనుకి 24 అన్నాను, అస్సలు నమ్మలేదు. మధ్యలో నా చెయ్యి ఫ్రేమ్‌లో పడిందని నాకే క్లాస్ పీకింది! మంట చప్పుడు కావాలని ప్లాస్టిక్ కవర్ నలిపి రికార్డ్ చేసింది, నాకైతే ఆ ఐడియా వచ్చేదే కాదు.

చిక్కల్లా మనతోనే, నీట్‌గా రావాలని ఎడిటింగ్ మొత్తం మనమే చేసేస్తాం, ఇక అది మన వీడియో అయిపోతుంది. తీసిందల్లా నెట్‌లో పెట్టేయడం కూడా వద్దు, ఇంట్లోవాళ్లు చూస్తే చాలు.

మీ పిల్లల పేజీలో ఇలాంటివి వారానికొకటి వేయండి సార్, ఆ చుక్కలు కలపడాలు ఇంకెన్నాళ్లు వేస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు