నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో రాసిపెట్టుకుందాం

సంపాదకుల వారికి,

1888 జనవరి 12న అమెరికాలోని నెబ్రాస్కా, డకోటా ప్రాంతాల ప్రేరీ మైదానాలపై విరుచుకుపడిన మంచు తుపాను గురించి ఈమధ్య చదివినప్పటి నుంచి, 2009 అక్టోబరు 2న మా కర్నూలును ముంచిన వరదే నా కళ్లముందు మెదులుతోంది. ఎండలకు మాడే సీమకు మంచు తుపానుతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఆ విపత్తును అక్కడివారు గుర్తుపెట్టుకున్న తీరుతోనే నాకు పని.

ఆ ఉదయం వాతావరణం కాస్త వెచ్చగా ఉండడంతో చాలామంది పిల్లలు మందపాటి కోట్లు లేకుండానే బడికి వెళ్లారు. పిండిలాంటి సన్నని మంచును ఎగరేసుకుంటూ ఉత్తరం నుంచి చలిగాలి వచ్చిపడింది. చాచిన చెయ్యి కూడా కనిపించని ఆ తెల్లటి చీకట్లో, బడికీ ఇంటికీ మధ్య దారి తప్పి ఎందరో పిల్లలు గడ్డకట్టి చనిపోయారు. మొత్తం మృతులు 235 మంది అని సాధారణంగా చెబుతారు. మిన్నీ ఫ్రీమన్ అనే యువ ఉపాధ్యాయిని తన విద్యార్థులను క్షేమంగా ఒక ఇంటికి చేర్చింది. పిల్లలను తాడుతో కట్టి నడిపించిందని ప్రచారమైంది గానీ, ఆ తాడు సంగతిపై కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. బడిపంతులుగా బతికిన నాకు తాడు ఉన్నా లేకపోయినా ఆమె గొప్పదే. అయితే జరిగింది జరిగినట్టు తెలియాలంటే అక్కడున్నవారినే అడగాలి.

1940లో, అంటే 52 ఏళ్ల తర్వాత, ఆ తుపాను నుంచి బతికి బయటపడినవారు లింకన్ నగరంలో సంఘంగా ఏర్పడి, ఆ రోజు ఎవరు ఎక్కడున్నారో, ఏం చూశారో సేకరించారు. 1947లో ఆ జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి. అదే 1940 నవంబరు 11న మిన్నెసోటా తదితర రాష్ట్రాలను మరో మంచు తుపాను దెబ్బతీసి 140 మందికి పైగా బలిగొన్నప్పుడు, హెచ్చరిక ఎందుకు సరిగా అందలేదని నిలదీయడం వల్లనే అక్కడి వాతావరణ అంచనాల ఏర్పాటు మారింది.

మన దగ్గర తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగాయనీ, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిందనీ లెక్కల్లో ఉంది. నీళ్లు ఏ వీధికి ఎన్ని గంటలకు వచ్చాయో, ముందుగా ఎవరు ఎవరికి చెప్పారో, ఏ మేడ మీద ఎంతమంది తలదాచుకున్నారో మాత్రం మనుషుల నోళ్లలోనే ఉండిపోయింది. ఏటా అక్టోబరు 2న అవే ఫొటోలు, అవే అంకెలు చూస్తున్నాం. మా గోడ మీది బురద గీతను ఆ మరుసటి ఏడు సున్నం కొట్టించి మేమే చెరిపేశాం. అలా చేసి ఉండకూడదని ఇప్పటికీ బాధపడుతున్నాను.

కాబట్టి ఈ ఏడాదైనా తమ పత్రిక వీధివీధికీ విలేకరులను పంపి, కళ్లారా చూసినదాన్ని వేరుగా, చెప్పగా విన్నదాన్ని వేరుగా రాయించి, వరుసగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా పక్కింటి పెద్దాయనకు ఎనభై నాలుగేళ్లు. ఆ రాత్రి ఆయన టార్చిలైటు పట్టుకుని మేడమెట్ల మీద కూర్చుని, నీళ్లు ఏ మెట్టుకు ఎన్ని గంటలకు వచ్చాయో క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ ఆయన ట్రంకుపెట్టెలో ఉంది. ఎవరైనా వచ్చి అడిగితే చూపిస్తానన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పాతబస్తీ, కర్నూలు