పాత కారు ఏసీలో వంటగ్యాసా?

సంపాదకుల వారికి,

మా నాన్నగారి 1992 మోడల్ కాంటెస్సాలో ఏసీ చల్లబడటం లేదని రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. ‘ఈ పాత ఏసీల్లో వాడే ఆర్-12 గ్యాస్ దొరకదు సార్, వంటగ్యాస్ ఎక్కిస్తే ఐసులా ఉంటుంది’ అన్నాడు మెకానిక్. గుండె ఝల్లుమంది. అది చల్లబరిచే మాట నిజమే, కానీ ఇట్టే అంటుకునే గ్యాసు. కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు వెనకే ఉంటుంది, లీకైతే పిల్లలు కూర్చున్న చోటికే వస్తుంది!

చివరికి వేరేచోట ఆర్-134ఏ అనే, అంత తేలిగ్గా అంటుకోని ఏసీ గ్యాస్ వేయించాను. కంప్రెసర్‌లో ఉండే పాత మినరల్ ఆయిల్ దానితో కలవదు. అది తీసేసి ఎస్టర్ ఆయిల్ పోసి, తేమను పీల్చే డ్రయ్యర్, లీకు కాకుండా ఆపే ఓ-రింగులు మార్చి, వాక్యూమ్ చేశాకే (లోపలి గాలి, తేమ లాగేశాకే) గ్యాస్ నింపాలి, అదీ పాత కొలతలో 80-90 శాతమే. ఖర్చు ఎక్కువే. మే ఎండలో చల్లదనం కాస్త తగ్గింది కూడా. ఫర్వాలేదు, టెన్షన్ లేదు.

రవాణా అధికారులు షెడ్లను తనిఖీ చేసి ఈ వంటగ్యాస్ పని వెంటనే ఆపించాలి.

- ఒక పాఠకుడు, తిరుపతి