హోటల్‌కు మిషన్ తీసుకునే ముందు

షార్జా

తమ్మీ,

నేను మంచిగున్న. నాయిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ల చెప్తే "సరే అన్నా" అని పెట్టేస్తవ్, అందుకే రాస్తున్న.

హోటల్‌కు బిల్లింగ్ మిషన్ తీసుకుందామంటున్నవ్ గద. ఆ మిషన్ కంపెనీ పిలగాడు టేబుల్ టేబుల్‌కు క్యూఆర్ అతికిస్త, కస్టమర్లే ఫోన్ల ఆర్డర్ పెట్టుకుంటరన్నడట. మనది నకిరేకల్ కాడ హైవే మీది హోటల్ రా. విజయవాడ బస్సు ఆగితే అందరు ఒక్కసారే దిగుతరు, పావుగంటల డ్రైవర్ హారన్ కొడ్తడు. అంతల వాళ్లు స్కాన్ చేసేదెప్పుడు, ఓటీపీ కొట్టేదెప్పుడు, దోశె తినేదెప్పుడు? అది నిమ్మళంగ కూసొని తినే ఫ్యామిలీ రెస్టారెంట్లకు నడుస్తది. మనకు కౌంటర్ల పైసలు కట్టి టోకెన్ తీసుకునుడే కరెక్టు.

కాని బిల్లు కొట్టంగనే రెండో ప్రింటు దోశె మాస్టర్ కాడ రావాలె. దాన్నే కేఓటీ, అంటే కిచెన్ ఆర్డర్ టికెట్, అంటరు. ఈడ మా హోటల్ల అంత దాని మీదనే నడుస్తది. "ఉల్లిగడ్డ వద్దు" అన్న మాట కాయితం మీద పడాలె, సప్లయర్ యాదిల కాదు. వంటింట్లకు స్క్రీన్ అంటే వద్దను, ఆ నూనె జిడ్డు రోజు తుడిసేటోడెవడు?

ఆ పిలగాని ముంగటనే నెట్ బంద్ చేసి బిల్లు కొట్టుమను. కొడితేనే రేటు మాట్లాడు. మనం 5 శాతం జీఎస్టీ కట్టేటోళ్లం, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీ తగ్గింపు, మనకు రాదు. సాఫ్ట్‌వేర్ మీద ఆ పిలగాడు ఏసే 18 శాతం జీఎస్టీ మన గల్లలకెల్లే పోతది, అది కలిపే రేటు రాయించుకో. బ్యాంకు ఖాతాలకెల్లి వచ్చే యూపీఐకి 2020 జనవరి నుంచి దుకాణపోళ్లకు చార్జీ లేదు; పేమెంట్ ఫీజు అంటే ఎందుకని అడుగు. బిల్లు పైసలు అందులనే ఉండే క్యూఆర్ స్క్రీన్ మీద రావాలె. గోడకున్న దాంట్ల 130కి 30 కొట్టి పోతే, ఆ రద్దీల ఎవలు చూస్తరు?

మన ఫుడ్ లైసెన్సుది, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, బిల్లు మీద ఉండాలె. రేపు నల్లగొండల బ్రాంచి పెట్టి డెలివరీ యాప్‌లకు పోతే, 2022 జనవరి నుంచి ఆ ఆర్డర్ల జీఎస్టీ యాప్‌వాళ్లే కడ్తున్నరు. మిషన్ల ఆ లెక్క వేరేగ పడకపోతే మళ్ల మనమే కట్టుడైతది.

ఏడాది పైసలు ఒక్కసారే కట్టకు, నెలనెలకు కడ్తనను. రేపు ఆ మిషన్ మానేస్తే మన అమ్మకాల లెక్క ఎక్సెల్‌ల ఇయ్యాలని రాయించుకో.

ప్రింటర్ల పైసలు నేను పంపిస్త, ఇన్వర్టర్ బ్యాటరీ నువ్వు చూస్కో. డెమో నాడు మరదలిని కూసోబెట్టు, లెక్కల నీకన్న నయం. ఆమెకు అల్కగ అనిపిస్తేనే తీసుకో.

మీ అన్న